ఈ ఫోటో ఏం చేస్తవ్?

(ఆదివాసీ యువత శిక్షణ శిబిరంలో ఒక కిరాయి బండి డ్రైవర్ మాట్లాడిన మాటలకు రాతరూపం)



నాకంటే ముందు మాట్లాడినోళ్లు చట్టం గురించి చెప్పారు, చరిత్ర గురించి చెప్పారు. నన్ను ఫోటోల గురించి చెప్పమన్నారు. నేను ఫోటోగ్రాఫర్‌ని కాదు. పదకొండేళ్లుగా బొలెరో నడుపుతున్న. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆఫీసులోళ్లు, సర్వేలోళ్లు, సంస్థలోళ్లు నా బండి ఎక్కుతారు. వాళ్లది పని. శని, ఆదివారాలు హైదరాబాద్ నుంచి, నాందేడ్ నుంచి, నాగపూర్ నుంచి వచ్చేటోళ్లు ఎక్కుతారు. వాళ్లది షికారు. వానాకాలంలో కుంటాల జలపాతం, పొచ్చెర, కెరమెరి ఘాట్, జోడేఘాట్ చూస్తారు. దీపావళికి దండారి, పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా జాతర. పనికొచ్చినా షికారుకొచ్చినా అందరి చేతిలో ఫోన్ ఉంటది. కొందరి మెడలో పెద్ద కెమెరా ఉంటది.

డ్రైవర్ అంటే ముందుకు చూసి నడిపేటోడు, అద్దంలో వెనక కూసున్నోళ్లను కూడా చూసేటోడు. పదకొండేళ్లలో ఆ అద్దంలో చూసిందే ఇయ్యాల చెప్తా. ఇందులో నా తప్పులు కూడా ఉన్నయి. అవి దాచుకుంటే ఇక్కడ నిలబడి మాట్లాడే హక్కు నాకు లేదు.

మొదటి తప్పు చెప్తా. ఏడెనిమిదేళ్ల కింద ఒక సంస్థ వాళ్లు రెండు రోజులకు బండి కట్టుకున్నారు. "రోడ్డు పక్క ఊర్లు వద్దు, లోపలి ఊరు చూపించు" అన్నారు. నేను ఎక్కడికో ఎందుకని మా అక్క వాళ్ల గూడేనికే తీసుకపోయిన. మనోళ్లు ఎట్లుంటరో మీకు తెలుసు కదా. మంచాలు వాల్చారు, నీళ్లిచ్చారు, చాయ్ పెట్టారు. మా మేనకోడలికి అప్పుడు మూడేళ్లు. అక్క దానికి తానం పోద్దామని బట్టలిప్పింది. నీళ్లు చల్లగున్నయని అది ఏడుస్తోంది, ముక్కు కారుతోంది. వచ్చినోళ్లలో ఒకాయన మోకాళ్ల మీద కూసోని నాలుగైదు ఫోటోలు తీశాడు. ఎవ్వరినీ అడగలేదు. నేను పక్కనే ఉన్న. నేనూ అడగలేదు. పైగా నీడ పడుతోంది, కొంచెం జరుగు అంటే జరిగిన కూడా.

ఏడాది తర్వాత కిరాయి మీద హైదరాబాద్ పోయిన. ఒక పెద్ద హాలు ముంగట ఫ్లెక్సీ కట్టి ఉంది. ఆ ఫ్లెక్సీ మీద మా మేనకోడలు. అదే ఏడుపు, అదే ముక్కు, అదే ఒంటి మీద బట్ట లేని బిడ్డ. కింద పెద్ద అక్షరాలతో ఆకలికి అలమటిస్తున్న గిరిజన బాల్యం అని, చందా ఇయ్యమని రాసి ఉంది.

ఆ పిల్ల ఆ రోజు పొద్దున జొన్న గట్క తిన్నది. మా అక్కకు ఎడ్ల జత ఉంది, పత్తి చేను ఉంది. మా గూడేల్లో ఆకలి లేదని నేను అనడం లేదు. రక్తం తక్కువున్న తల్లులున్నారు, బరువు తక్కువున్న పిల్లలున్నారు. ఆ సంగతి గట్టిగా చెప్పాలె, ఎక్కడ చెప్పాలో అక్కడ చెప్పాలె. కానీ నీళ్లు చల్లగున్నయని ఏడ్చిన పిల్లను పట్టుకుని ఆకలికి ఏడ్చిందని చెప్పిన్రు. ఫోటో అబద్ధం ఆడలేదు, కింద రాసిన మాట ఆడింది. దూరంగా ఉన్నోళ్లు ఫోటోను నమ్ముతారు కాబట్టి ఆ మాటను కూడా నమ్మారు.

ఈ సంగతి మా అక్కకు రెండేళ్లు చెప్పలేకపోయిన. చివరికి ఒకరోజు చెప్పిన. అక్క తిట్టలేదు. "బట్టలన్నా తొడిగినాక తీయమనకపోయినవా?" అన్నది. అంతే. తిడితే బాగుండు అనిపించింది. ఎందుకంటే ఆ బండి నాది, ఆ తోవ చూపించింది నేను, జరుగు అంటే జరిగింది నేను.

రెండో సంగతి మా బాపుది.

బాపు దండారిలో డప్పు కొట్టేటోడు. మనిషి పొడుగు, తెల్ల మీసాలు, తలకు పెద్ద రుమాలు. వచ్చినోళ్లకు చూడగానే ఫోటో తీయాలనిపించే మనిషి. ఇంటి ముందర కూసుంటే తీసిండ్రు, ఎడ్లు కడుతుంటే తీసిండ్రు, చుట్ట తాగుతుంటే తీసిండ్రు. నా బండిల వచ్చినోళ్లే ఎంత మంది తీసుంటరో లెక్క లేదు. అందరూ ఒకటే మాట అన్నారు: "పంపిస్తాం అన్నా." నా నంబర్ కూడా తీసుకున్నారు.

నాలుగేళ్ల కింద బాపు చనిపోయాడు. దినం నాడు పెట్టడానికి ఫోటో కోసం ఇల్లంతా వెతికినం. ఓటరు కార్డు మీద ఒక నల్లటి మచ్చ ఉంది, అది ఎవరి మొఖమో దేవునికే తెలియాలె. రేషన్ కార్డులో ఫోటో లేదు. నా ఫోన్లో జలపాతాలున్నయి, బండి టైర్లున్నయి, తెలియని వాళ్ల పెండ్లి బరాతులున్నయి. మా బాపు లేడు. ఎన్ని వందల ఫోన్లలో మా బాపు ఉన్నాడో, మా ఇంట్లో మాత్రం లేడు.

నా దగ్గరున్న పాత కిరాయి నంబర్లన్నింటికీ ఫోన్ చేసిన. కొన్ని కలవలేదు. కొందరు ఫోన్ మార్చినం, పోయినయి అన్నారు. ఒకామె మాత్రం ఓపికగా వెతికి మూడో రోజుకు ఒకటి పంపింది. ఆమెకు ఇప్పటికీ దండం పెడతా. ఆ ఫోటోల మా బాపు చెయ్యి అడ్డం పెట్టి ఉన్నాడు. "వద్దు, వద్దు" అన్నట్టు. సగం మొఖం చెయ్యి చాటున ఉంది. అదే పెద్దది చేయించి గోడకు పెట్టినం. మా అవ్వ చూసి "ఔ, గిట్లనే అంటుండె" అన్నది.

అందుకే చెప్తున్న. ఎవరో మన ఫోటో తీసిన్రు అన్న ఒక్కదాని మీదనే నా కోపం కాదు. మనవి మన దగ్గర లేకుండా పోయినయి. అది అసలు బాధ.

ఇది ఇయ్యాల్టి కథ కాదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడైనాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన ఆస్ట్రియా దేశస్థుడు, మానవశాస్త్రం చదివినాయన. భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో ఉన్నాడు. మన భాష నేర్చుకున్నాడు. గోండు పిల్లలకు చదువు చెప్పే పంతుళ్లను మార్లవాయిలోనే తయారు చేయించాడు. భూమి పట్టాలు వచ్చేటట్టు చేశాడు. అట్లనే వేల ఫోటోలు తీశాడు. 1970ల్లో మళ్లీ వచ్చి చూసి, ఇచ్చిన భూమి ఎట్ల చేజారిపోతుందో పుస్తకంలో రాశాడు. బెట్టీని, ఆయన అస్థికలను మార్లవాయిలోనే పెట్టారు. ప్రతి జనవరి 11న అక్కడ మనోళ్లు వాళ్లను తలుచుకుంటారు.

ఆయన ఫోటోలు, సినిమా రీళ్లు, డైరీలు లండన్‌లో సోయాస్ అనే విశ్వవిద్యాలయంలో ఉన్నయి. చాలా ఫోటోలు ఇప్పుడు ఇంటర్నెట్‌లో చూడొచ్చు. నేను ఫోన్లో చూసిన. నగలు చూసిన, ఇండ్లు చూసిన, మనోళ్లు నడుముకు కట్టుకునే తీరు చూసిన. సంతోషమైంది. ఒక రోజు రాత్రి ముసలోళ్లను కూసోబెట్టి చూపిస్తే, ఒక్కో బొమ్మ మీద అరగంట మాట్లాడిండ్రు. ఈ నగను ఇట్ల అంటరు, ఈ బుట్ట ఇట్ల అల్లుతరు, ఇప్పుడు ఎవరికీ రాదు అని. ఆ రాత్రి నాకు రెండు సంగతులు తెలిసినయి. ఫోటో లేకపోతే ఆ మాటలు బయటకి రాకపోవు. ఫోటో లండన్‌లోనే ఉండి, మా ముసలోళ్లు ఇక్కడనే ఉండి, రెండూ కలవకపోతే కూడా ఆ మాటలు రాకపోవు.

ఇంకొకటి గమనించిన. ఎవరు తీసినవైనా సరే, మన పాత ఫోటోల కింద చాలా చోట్ల "గోండు పురుషుడు", "గోండు స్త్రీ" అని ఉంటది. పేరుండదు. ఏ ఊరామె, ఎవరి బిడ్డ, ఏ ఇంటిపేరు ఏమీ ఉండదు. నాలుగు సగల్లో ఏ సగమో తెలియదు. పేరు లేకుంటే అది మనిషి ఫోటో కాదు, నమూనా ఫోటో. చెట్ల ఆకులు పుస్తకంలో అంటించినట్టు.

హైమన్‌డార్ఫ్ ఊర్లో ఉన్నాడు, భాష నేర్చాడు, మళ్లీ తిరిగొచ్చాడు. ఇప్పుడు వచ్చేటోళ్లు బండి దిగి ఇరవై నిమిషాలుంటారు. ఇరవై నిమిషాల్లో మనిషి పేరు కూడా అడగరు.

ఇగ పండుగల సంగతి. గుస్సాడీ అంటే మనకు వేషం కాదు. దండారి ఉన్నన్ని రోజులు ఆయన దేవుని మనిషి. ఒంటికి బూడిద పూసుకుంటాడు, తానం చేయడు, నెమలి పింఛాల టోపీకి పూజ చేసినాకనే పెట్టుకుంటాడు. మార్లవాయి గుస్సాడీ కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. దేశమంతా ఆ టోపీని గుర్తుపట్టింది. మంచిదే. కానీ ఆ తర్వాత నేను చూస్తున్నది ఏందంటే, షికారుకొచ్చిన పిల్లలు "ఆ టోపీ ఒకసారి ఇయ్యి అన్నా, రీల్ చేసుకుని ఇస్తా" అని అడుగుతున్నారు. అడిగేటోళ్లకు తెలియదు. తెలియకపోవుడు తప్పు కాదు. తెలిసిన మనం నవ్వుకుంట ఇచ్చుడు తప్పు. నాగోబా దగ్గర మెస్రం వాళ్ల కొత్త కోడళ్లు తెల్ల చీరలు కట్టుకుని తల మీద ముసుగేసుకుని భేటింగ్‌కు నడుస్తారు. అది ఆ పిల్లకూ దేవునికీ కులపెద్దలకూ నడుమ జరిగేది. ఆ ముసుగు కింది నుంచి మొఖం దొరుకుతదేమో అని వంగి కెమెరా పెట్టేటోళ్లను చూసిన. కోడలు ముసుగు ఎందుకేసుకుందో దాన్నే కెమెరా తీసెయ్యాలని చూస్తది.

ఇప్పటిదాకా వాళ్లను అన్న. ఇప్పుడు మనల్ని అంటా. ఇది నా రెండో తప్పు.

మొన్న మూడేళ్ల కింద మా డ్రైవర్లం ఆరుగురం కలిసి అరకు పోయినం. మాకూ షికారు కావాలె కదా. బొర్రా గుహలు చూసినం, ఘాట్ రోడ్డుల వ్యూ పాయింట్ల కాడ దిగి ఫోటోలు తీసుకున్నం. ఒక సంతలో ఒక అవ్వ అడ్డపిల్లల మొఖం లాంటి నవ్వుతో అల్లం కుప్ప పోసుకుని కూసుంది. ముక్కుకు మూడు ముక్కుపుడకలు, మెడ నిండా పూసలు. నాకు ఏమైందో తెలియదు, ఫోన్ తీసి దగ్గరికి పోయి టకటకా తీసిన. నేనూ ఆదివాసీనే కదా, నాకేం అడ్డు అనుకున్ననేమో. ఆ అవ్వ కొంగు సర్దుకుని నన్ను చూసి అడిగింది:

"నా మొకంలో ఏటుంది బాబూ? ఈ బొమ్మ ఏటి సేస్తావు?"

కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. స్టేటస్ పెడతా అని చెప్పాల్నా? అదే కదా చేసేది. నిలబడి నీళ్లు నమిలిన. అద్దంలో ఏళ్లుగా చూసిన మనిషి నేనే అయి కనిపించిన. ఆమె అల్లం కొని, పక్కన కూసోని, తీసినవి చూపించిన. ఒకటి చూసి "ఇది ఉంచు, మిగతావి తీసెయ్" అన్నది. ఆమె ముందరనే తీసేసిన. ఊరు అడిగి, మా ఊరు చెప్పిన. గోండు అంటే ఎవరని ఆమె అడిగింది. పది నిమిషాలు మాట్లాడుకున్నం. ఆ ఒక్క ఫోటో చూసినప్పుడల్లా ఆ పది నిమిషాలు గుర్తొస్తయి. అడగకుండా తీసిన వందల ఫోటోల్లో నాకు ఒక్కటీ గుర్తు లేదు.

"ఈ బొమ్మ ఏటి సేస్తావు?" ఇంతకంటే మంచి ప్రశ్న ఫోటోల గురించి ఏ పుస్తకంలో ఉంటదో నాకు తెలియదు. ఫోటో తీసేటప్పుడు నన్ను నేను అడుగుకునేది అదే. నా బండి ఎక్కినోళ్లను అడిగేది కూడా అదే.

ఈ ప్రశ్న అడగకపోతే ఎంత దూరం పోతదో అండమాన్ చూస్తే తెలుస్తది. అక్కడ జరావాలు ఉన్నారు, కొన్ని వందల మంది. వాళ్ల అడవి నుంచి ట్రంక్ రోడ్డు వేశారు. ఆ రోడ్డు మీద టూరిస్టుల బండ్లు పోతుంటయి. 2012 జనవరిలో ఒక వీడియో ప్రపంచమంతా చూసింది. తిండి ఇస్తాం, ఆడండి అని జరావా ఆడపిల్లలతో చిందులేయించిన వీడియో అది. మనుషులను జంతువుల పార్కులో చూసినట్టు చూశారని దేశమంతా తలదించుకుంది. అక్కడి ఆదిమ తెగల రక్షణకు 1956 నుంచే ప్రత్యేక నిబంధన ఉంది. 2012లో దాన్ని ఇంకా గట్టిగా చేశారు. జరావాల ప్రాంతంలో ఫోటో, వీడియో తీయడం నేరం. చట్టం ఉన్నా వీడియో వచ్చింది. అంటే చట్టం ఒక్కటే చాలదు. బండి నడిపేటోడు, తోవ చూపేటోడు, పక్కన నిలబడి చూసేటోడు, వీళ్లు నోరు తెరవాలె. నేను డ్రైవర్‌ని కాబట్టి ఆ వార్త చదివినప్పుడు ముందు గుర్తొచ్చింది ఆ బండ్ల డ్రైవర్లు.

అట్లని ఫోటోలు వద్దు, ఫోన్లు మూసి పెట్టుకోండి అంటున్ననా? లేదు. మనకు ఫోటోలు అవసరం. ఎంత అవసరమో ఇప్పుడు చెప్తా. ఇది జాగ్రత్తగా వినండి, ఇందులో మన భూమి ఉంది.

మా చిన్నాయన కొడుకు పోడు చేను ఒకరోజు తెల్లారేసరికి పీకేసి ఉంది. మోకాలెత్తు పత్తి. వాడు ఏడ్చుకుంట ఫోన్ తీసి ముప్పై ఫోటోలు తీశాడు. అన్నీ దగ్గర నుంచి తీసిన పత్తి మొక్కలే. వాట్సాప్‌లో అందరికీ పంపాడు. నెల తర్వాత ఆ ఫోన్ నీళ్లల్ల పడింది. ఫిర్యాదు పట్టుకుని పోతే అక్కడ కూసున్నాయన ఫోటోలు చూసి ఒకటే అడిగాడు: "పీకిన పత్తి మొక్క ఎక్కడైనా ఇట్లనే ఉంటది. ఇది మీ చేను అని ఏముంది ఇందుల? ఎప్పుడు తీశావ్?" వాని దగ్గర జవాబు లేదు. ముప్పై ఫోటోలున్నయి, ఒక్కటీ సాక్ష్యం చెప్పలేదు.

అప్పుడు నేను సర్వేలోళ్లను బండిల తిప్పుకుంట చూసింది గుర్తుచేసుకున్న. వాళ్లు పనికి తీసే ఫోటో వేరే తీరుగ ఉంటది. అది అందరం నేర్చుకోవచ్చు.

మొదటిది, ఒక్క చోటుకు మూడు ఫోటోలు. ఒకటి దూరం నుంచి: వెనక గుట్ట, వాగు, పెద్ద ఇప్పచెట్టు, కదలనిది ఏదో ఒకటి కనిపించాలె. రెండోది నడుమ దూరం నుంచి: చేను హద్దు, గట్టు, బావి. మూడోది దగ్గర నుంచి: జరిగిన నష్టం. ఈ మూడూ వరుసగా ఉంటే చూసినోడు తనే నడుచుకుంట వచ్చినట్టు ఉంటది.

రెండోది, తీసేముందు ఫోన్ల తారీకు, టైము సరిగ్గ ఉన్నయా చూడండి. కెమెరా సెట్టింగ్‌లో లొకేషన్ ఆన్ చేయండి. అప్పుడు ఫోటో లోపల కనిపించని చిట్టీ ఒకటి ఉంటది. ఏ ఫోన్, ఏ రోజు, ఎన్ని గంటలకు, భూమి మీద ఏ చోట అని అందులో రాసి ఉంటది.

మూడోది, వాట్సాప్‌లో మామూలుగా ఫోటో పంపితే ఆ చిట్టీ ఊడిపోతది, ఫోటో కూడా చిన్నగైతది. పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి. అసలు ఫోటోను కత్తిరించొద్దు, రంగులు మార్చొద్దు, మీద గీతలు పెట్టొద్దు. గీతలు పెట్టాలంటే ఇంకో కాపీ మీద పెట్టుకోండి. అసలుది ఇంకో మనిషి దగ్గర, పెన్‌డ్రైవ్‌లోనో కార్డులోనో రెండో కాపీగా ఉంచండి. ఫోన్లు నీళ్లల్ల పడతయి.

నాలుగోది, ఒక నోటుబుక్కు పెట్టండి. ఎవరు తీసిండ్రు, ఎవరున్నారు, ఏం జరిగింది, అదే రోజు రాయండి. 2024 జులై 1 నుంచి కొత్త సాక్ష్య చట్టం నడుస్తోంది. భారతీయ సాక్ష్య అధినియం అంటరు. అందులో 63వ సెక్షన్ ప్రకారం ఫోన్ ఫోటో కాపీని కోర్టుల పెట్టాలంటే దానితో పాటు సర్టిఫికెట్ ఇయ్యాలె. ఏ ఫోన్, ఎవరిది అని అప్పుడు అడుగుతారు. నోటుబుక్కు ఉన్నోడు తడబడడు.

ఒక మాట గుర్తుంచుకోండి. ఫోటో ఒక్కటే పట్టా తేదు. అటవీ హక్కుల చట్టంలో మన ఆదివాసులకు 2005 డిసెంబర్ 13 నాటికి భూమి మన సాగుల ఉండాలె. నిబంధనల్లో 13వది చదవండి. ఏమేమి సాక్ష్యాలో అందులో ఉంది. ప్రభుత్వ కాగితాలు, చేనుల వేసిన గట్లు, ఇండ్లు, పాత బావులు, స్మశానాలు, దేవుని చోట్లు, పెద్దమనుషుల వాంగ్మూలం. ఒకటి కాదు, ఒకటి కంటే ఎక్కువ చూడాలని రాసి ఉంది. 2012 సవరణల్లో ఇంకో మాట ఉంది. ఉపగ్రహ చిత్రం లాంటివి మిగతా సాక్ష్యానికి తోడు మాత్రమే, వాటికి బదులు కాదు. "పైనుంచి తీసిన ఫోటోల మీ చేను కనిపిస్తలేదు" అని ఎవరన్నా దరఖాస్తు కొట్టేస్తే ఈ మాట చూపించండి. పైనుంచి తీసిన ఫోటోకు కనిపించని గట్టును కింద నిలబడి తీసిన ఫోటో చూపిస్తది. ఆ గట్టు ఎవరేశారో మన ముసలాయన నోటి మాట చెప్తది. రెండూ కలిస్తే బలం. ఇంట్ల ఎవరి దగ్గరన్నా 2005 కంటే ముందు చేనుల తీసుకున్న ప్రింటు ఉంటే, పెండ్లిదో పండుగదో కానీ, దాన్ని బంగారం లెక్క దాచండి.

మా చిన్నాయన కొడుకుతో తర్వాత ఏడాది ఈ తీరుగనే తీయించిన. హద్దు కాడ ఇద్దరు ముసలోళ్లను నిలబెట్టి, వెనక గుట్ట పడేటట్టు. అంతా గెలిచినం అని చెప్పను. ఫైలు ఇంకా తిరుగుతనే ఉంది. కానీ "ఇది మీ చేను అని ఏముంది" అనే మాట మళ్లీ ఎవరూ అనలేదు.

అదే లొకేషన్ ముంచుతది కూడా. పెన్ చోటు, మందు చెట్టు ఉన్న లోయ, తేనె దొరికే బండ, ఆడపిల్లల హాస్టల్, చిన్న పిల్లలు. వీటి ఫోటోల్లో లొకేషన్ ఉండొద్దు. నిజానికి వీటిల సగం తీయనే వద్దు. చేనుకు లొకేషన్ ఆన్, దేవునికి లొకేషన్ ఆఫ్. ఇట్ల గుర్తుంచుకోండి, చాలు.

ఊరుగా ఏం చేయొచ్చో చెప్పి ముగిస్తా. 1996 పీసా చట్టం మన గ్రామసభకు ఒక మాట ఇచ్చింది. మన ఆచారాలను, మన సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే సామర్థ్యం గ్రామసభకు ఉందని ఆ చట్టమే చెప్పింది. మరి ఫోటోల మీద గ్రామసభ ఎందుకు తీర్మానం చేయొద్దు? పటేల్‌తో, దేవరితో, ఆడోళ్లతో కూసోని మాట్లాడండి. ఏది తీయొచ్చు, ఏది తీయొద్దు, తీయాలంటే ఎవరిని అడగాలె. తీర్మానం పుస్తకంల రాయండి, ఊరి మొదట్ల బోర్డు పెట్టండి. ఆడోళ్లు లేకుండా ఈ తీర్మానం చేయొద్దు. ఎక్కువ ఫోటోలు తీసేది వాళ్లవే.

నేను నా బండిల ఇప్పటికే మొదలుపెట్టిన. ఊరి బయట బండి ఆపుతా. వెనకకు తిరిగి నాలుగు మాటలు చెప్తా. ముందు పలకరించండి, తర్వాత అడగండి, వద్దంటే వదిలేయండి. తీసిన ఫోటో తీయించుకున్నోళ్లకు చూపించండి. కింద ఏమన్నా రాస్తే పేరు సరిగ్గ రాయండి, లేని కష్టాన్ని అంటించొద్దు. పిల్లల ఫోటో తల్లిదండ్రులను అడగకుండా వద్దు. ఇక్కడనే, నా ముందరనే, నాకు కాపీ పంపండి. "తర్వాత పంపిస్తాం" అన్న మాటను నేను ఇగ నమ్మను. మొదట్ల కిరాయిలు పోతయని భయపడ్డ. ఒకటి రెండు పోయినయి కూడా. ఎక్కువమంది మాత్రం "మాకు ఎవరూ చెప్పలేదన్నా" అన్నారు. కొందరు ఊర్ల ఇంకో గంట కూసున్నారు.

వచ్చిన కాపీలను నెలకోసారి సంత రోజు ఉట్నూర్‌లో ప్రింటు తీయిస్తా. వెనక పేరు, ఊరు, తారీకు రాస్తా. ఎవరిది వాళ్లింట్ల ఇస్తా. ముసలోళ్లు ఆ ప్రింటు పట్టుకుని చూసే తీరు మీరు చూడాలె. కొందరు తమ ఫోటోను మొదటిసారి చేతుల పట్టుకునేది అదే.

మా మేనకోడలు ఇప్పుడు ఆశ్రమ పాఠశాలల చదువుతోంది. ఫ్లెక్సీ సంగతి దానికి తెలిసింది. మొన్న సెలవులకు వచ్చి నా ఫోన్ తీసుకుని వాళ్లమ్మను ఫోటో తీసింది. తీసేముందు "అవ్వా, తీయాల్నా?" అని అడిగింది. వాళ్లమ్మ "ఆగు, కొంగు సర్దుకోని" అన్నది. సర్దుకున్నాక తీసింది. ప్రింటు వెనక పేరు అదే రాసింది. ఆ ఫోటో ఇప్పుడు వాళ్ల గోడ మీద ఉంది.

ఇక్కడున్న ప్రతి ఒక్కరి జేబుల ఫోన్ ఉంది. ఇంటికి పోయినాక ఒక్క పని చేయండి. మీ ఇంట్ల పెద్దమనిషిని అడిగి ఒక ఫోటో తీయండి. చేను హద్దు కాడ తీయండి, గుట్ట కనిపించేటట్టు తీయండి. ప్రింటు తీయించి వెనక పూర్తి పేరు రాయండి. "ఈ ఫోటో ఏం చేస్తవ్?" అని ఆ పెద్దమనిషి అడుగుతడు. అప్పుడు చెప్పడానికి మీ దగ్గర జవాబు ఉండాలె.

జై సేవా. జై కుమ్రం భీం.